వాన పడితే కారులో నీళ్లు: అమ్మేయాలా, బాగు చేయించుకోవాలా?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం పంపారు. అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె నడుపుతున్నది 14 ఏళ్ల నాటి చిన్న కారు. చూపు మందగించి డ్రైవింగ్ మానేశాక వాళ్ల నాన్నగారు దాన్ని ఆమెకు ఇచ్చారు. పోయిన వానాకాలం నుంచి డ్రైవర్ పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడుస్తోంది. రాత్రంతా వాన కురిస్తే పొద్దున మ్యాట్ కింద నీళ్లు ఉంటాయి. కానీ వానలో గంటసేపు నడిపి వచ్చినా ఒక్కోసారి పొడిగానే ఉంటుంది. కారు కడిగినప్పుడూ తడవదు. వాన చినుకే లేని వారంలో మాత్రం ఒకసారి తడి కనిపించింది. ఉదయం అద్దాలన్నిటికీ లోపలి నుంచి ఆవిరి పడుతోంది, ముక్కిపోయిన వాసన వస్తోంది.

మొదటి మెకానిక్ ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశాడు. రెండేళ్ల క్రితం రాయి తగిలి ఆ అద్దం మార్పించారు కాబట్టి అనుమానం దాని మీదకే వెళ్లింది. తడి ఆగలేదు. రెండో మెకానిక్ ఆ పక్క డోర్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (బీడింగ్) కొత్తది వేశాడు. అయినా ఆగలేదు. మూడో చోట ఇది ఏసీ నీళ్లే, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి అన్నారు. ఉత్తరం చివర్లో ఇంకో చిన్న వాక్యం ఉంది: పోయిన వానాకాలానికి ముందు ఎండాకాలంలో ముందు డోర్లలో స్పీకర్లు మార్పించారట.

ఇక ఇంట్లో గొడవ. పోసిన డబ్బు చాలు, ఎండలు ముదిరాక తడి కనిపించనప్పుడు ఎవరికీ చెప్పకుండా అమ్మేద్దాం అంటున్నారు ఆమె భర్త. నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "బండి ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. బాగుంది నాన్నా అని చెప్పి పెట్టేస్తున్నారు ఈమె. "వాన మబ్బు కనిపిస్తే టెన్షన్ మొదలవుతోంది. ఈ కారు మీద ఇంకా ఖర్చు పెట్టడం పిచ్చితనమా? నాన్న బండి అన్న మమకారంతో తప్పుగా ఆలోచిస్తున్నానా?" అన్నది ఆమె ప్రశ్న.

*

మీది పిచ్చితనం కాదు. మీవారిదీ మొండితనం కాదు. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చంతా ఊహల మీద పెట్టినది, అందుకే ఇద్దరికీ విసుగు వచ్చింది. సిలికాన్ పూసిన ఆయన గానీ, బీడింగ్ మార్చిన ఆయన గానీ నీళ్లు లోపలికి వస్తుండగా కళ్లతో చూసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండా మూసిన ప్రతి సందూ ఖర్చే. ఇంటి స్లాబు ఒక చోట కారితే చుక్క ఇంకో చోట పడుతుంది కదా, కారులోనూ అంతే. నీళ్లు రేకు మడతల వెంట, వైర్ల వెంట పాకుతూ వచ్చి అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట చేరతాయి. తడిసిన చోటుకీ కారే చోటుకీ మధ్య ఒక్కోసారి మూడు నాలుగు అడుగుల దూరం ఉంటుంది.

అమ్మడమా ఉంచుకోవడమా అనేది కాసేపు పక్కన పెట్టండి. కార్పెట్ ఎత్తి కింద రేకు ఎలా ఉందో చూడకుండా మీరిద్దరూ ఏ నిర్ణయానికి వచ్చినా అది గుడ్డి నిర్ణయమే అవుతుంది.

ముందు, వాన లేని వారంలో కనిపించిన తడి సంగతి. మూడో మెకానిక్ ఏసీ అనడానికి బహుశా అదే కారణం. కార్పెట్ కింద చప్పుడు తగ్గించడానికి వేసే మందపాటి ఫోమ్ ఉంటుంది. అది లీటర్ల కొద్దీ నీళ్లు పీల్చుకుని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పైన కార్పెట్ ఆరిపోతుంది, ఎవరైనా కాలు గట్టిగా అదిమితే మళ్లీ నీళ్లు పైకి వస్తాయి. అది పాత వాన నీళ్లే అయ్యుండొచ్చు. ఉదయం అద్దాలకు పట్టే ఆవిరి కూడా అక్కడి నుంచే. ఆ ఫోమ్ పూర్తిగా ఆరేదాకా నీళ్లు పోసి చేసే ఏ పరీక్ష ఫలితాన్నీ నమ్మలేం, ఇప్పుడు కారిన నీళ్లేవో నెల క్రితం నీళ్లేవో తేలదు.

ఏసీ సంగతి తేల్చడం సులువు. ఉక్కగా ఉన్న రోజున కారు నిలిపి, ఏసీ ఫుల్లుగా పెట్టి 20 నిమిషాలు ఇంజిన్ నడవనివ్వండి, కానీ మూసి ఉన్న షెడ్డులో మాత్రం వద్దు. తర్వాత కారు కింద చూడండి. ముందు భాగంలో నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రైన్ పైపు పనిచేస్తున్నట్టే. బయట చుక్క పడకుండా లోపల తడి పెరిగితే ఆ పైపు మూసుకుపోయింది. అప్పుడు కూడా చాలా కార్లలో ఆ పైపు మూతిని కింది నుంచో, బానెట్ వైపు నుంచో శుభ్రం చేయొచ్చు. నేరుగా డ్యాష్‌బోర్డ్ విప్పేయమంటే ఒప్పుకోకండి.

ఇంకో పరీక్ష వాసనతో, వేళ్లతో చేసేది. తడి మీద తెల్లటి టిష్యూ అదమండి. రంగు లేకుండా, మట్టి వాసన ఉంటే వాన నీళ్లో, ఏసీ నీళ్లో. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి, వేళ్ల మధ్య జిడ్డుగా జారుతూ, తియ్యటి వాసన వస్తే అది హీటర్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ముందు అద్దానికి లోపల జిడ్డు పొర పట్టడం, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండటం దానికి తోడు గుర్తులు. కూలెంట్ విషం, పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దగ్గరికి రానీయకండి. మీరు రాసిన దాన్నిబట్టి అలా అనిపించడం లేదు గానీ టిష్యూ పరీక్షకు ఒక్క నిమిషమే కదా, చేసేయండి.

ఇప్పుడు నా అనుమానాలు చెబుతాను. రెండు ఉన్నాయి.

మొదటిది, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ. అద్దం మీద నుంచి జారే వాన నీళ్లన్నీ దాని కింద ఉన్న తొట్టిలాంటి భాగంలో పడి, రెండు చివర్లా ఉన్న రంధ్రాల గుండా ముందు చక్రాల వెనక నుంచి కిందికి పోతాయి. పాత కార్లలో ఆ రంధ్రాల దగ్గర ఆకులు కుళ్లి, దుమ్ముతో కలిసి నల్లటి మెత్తటి ముద్దలా తయారవుతాయి. వేలితో తీస్తే పేడలా ఊడి వస్తుంది. నీళ్లు పోయే దారి సగం మూసుకుపోతే చిన్న జల్లుకు ఏమీ కాదు, కారు కడిగిన కొద్ది నిమిషాలకూ ఏమీ కాదు. రాత్రంతా వాన కురిస్తేనే తొట్టి నిండుతుంది. నిండిన నీళ్లు ఏసీ గాలిని ఊదే ఫ్యాన్‌కి (బ్లోయర్) బయటి గాలి వెళ్లే నోట్లోకి పొర్లుతాయి. చాలా కార్లలో ఆ బ్లోయర్ ఉండేది డ్రైవర్ పక్క సీటు ముందే. నిలిపి ఉంచితే తడవడం, కడిగితే తడవకపోవడం, తడి ఆ పక్కనే ఉండటం, మీరు రాసిన మూడూ దీనికి సరిపోతాయి.

రుజువు కూడా దగ్గర్లోనే ఉంది. గ్లోవ్ బాక్స్ వెనక ఉండే ఏసీ ఫిల్టర్ బయటికి లాగండి. కొన్ని మోడళ్లలో అది బానెట్ కింద, ఆ జాలీ పక్కనే ఉంటుంది. ఫిల్టర్ చెమ్మగా ఉన్నా, కింది అంచున నీళ్లు ఆరిన గోధుమరంగు మరక ఉన్నా మీ దొంగ దొరికినట్టే. ఫిల్టర్ పొడిగా ఉంటే ఈ దారి మీద అనుమానం బాగా తగ్గుతుంది. అయితే ఇంజిన్ వైపు నుంచి లోపలికి వైర్లు వచ్చే చోట ఉండే రబ్బరు బుష్‌లను కూడా చూడాలి. అవి ఎండకు గట్టిపడి పగిలితే తొట్టిలో నిలిచిన నీళ్లు వైరు పట్టుకుని చుక్కలుగా దిగుతాయి.

రెండో అనుమానం మీరు చివర్లో రాసిన ఆ స్పీకర్లు. అవి మార్పించిన తర్వాతి వానాకాలంలోనే తడి మొదలైంది, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఒక సంగతి చాలామందికి తెలియదు: వాన పడితే డోర్ లోపలికి నీళ్లు వెళ్లడం మామూలే. కిటికీ అద్దం వెంట జారి డోర్ కడుపులోకి దిగి, అడుగు అంచున ఉండే సన్నటి రంధ్రాల నుంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు మన వైపు రాకుండా డోర్ ప్యాడ్ (డోర్‌కి లోపలి వైపు ఉండే పలక) వెనక ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి బంకతో అంటించి ఉంటుంది. స్పీకర్ బిగించేవాళ్లు తొందరలో ఆ షీటును చింపేస్తారు, లేదా ఊడదీసి మళ్లీ సరిగా అంటించరు. అప్పుడు నీళ్లు ప్యాడ్ వెనక నుంచి జారి, రబ్బరు బీడింగ్‌కి లోపలి వైపున గడప దాటి కార్పెట్‌లో చేరతాయి. ఇలా వస్తుంటే కొత్త బీడింగ్ వేసినా లాభం లేదు, ఎందుకంటే నీళ్లు ఆ రబ్బరును దాటి రావడం లేదు, దాని వెనక నుంచి పుడుతున్నాయి.

ఈ రెంటిలో ఏదో తేల్చడానికి కార్పెట్ మూల ఎత్తాలి. డోర్ గడప మీది ప్లాస్టిక్ పట్టీ, పక్కన కాలి దగ్గరి చిన్న ప్యానెల్ ఊడదీస్తే ముందు మూల పైకి లేస్తుంది. క్లిప్పులు పాతబడి ఉంటాయి, ఒకటి రెండు విరగొచ్చు, కంగారు పడకండి, విడిగా దొరుకుతాయి. సీటు మాత్రం మీ అంతట మీరు విప్పకండి. దాని కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. వాటిని కదపాలంటే ముందు బ్యాటరీ వైరు తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ పని తెలిసినవాళ్లకు వదిలేయండి.

మూల ఎత్తాక ఫోమ్ ఏ వైపు ఎక్కువ తడిగా ఉందో చేత్తో పిండి చూడండి. డ్యాష్‌బోర్డ్ కిందికి, పైకి వెళ్లే వైపు నానిపోయి ఉంటే మొదటి అనుమానం. గడప అంచు వెంట పొడుగ్గా నాని, పై భాగం పొడిగా ఉంటే డోర్. తర్వాత ఫోమ్ కింద ఏదైనా అడ్డం పెట్టి, గాలి ఆడేలా పైకి లేపి ఉంచి ఫ్యాన్ పెట్టండి. రోజులు పడుతుంది. కిటికీలు మూసి ఎండలో నిలిపితే పై కార్పెట్ ఆరుతుంది గానీ కింది చెమ్మ ఆవిరై లోపలే తిరుగుతుంది. ఫోమ్‌కి బూజు పట్టి ఉంటే, ముఖ్యంగా ఇంట్లో ఆస్తమా, ఎలర్జీ ఉన్నవాళ్లుంటే, ఆ ముక్క తీసేసి కొత్తది వేయించడమే మేలు.

అంతా ఆరాక నీళ్ల పరీక్ష. ఇద్దరు కావాలి. మీవారిని పిలవండి, నీళ్లు వస్తుండగా ఆయన కళ్లతో చూస్తే ఇంట్లో సగం వాదన తగ్గిపోతుంది. ఒకరు లోపల టార్చి పట్టుకుని పక్క సీటు ముందు తల వంచి కూర్చోవాలి. రెండోవారు బయట మామూలు పైపుతో, పైపు మూతి నొక్కకుండా, నెమ్మదిగా నీళ్లు వదలాలి. ప్రెషర్ గన్ వద్దు, అది మంచి రబ్బరులోకి కూడా నీళ్లు తోసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. కింది నుంచి పైకి రండి: మొదట డోర్ అడుగు, తర్వాత కిటికీ అద్దం మొదలు, తర్వాత వైపర్ల తొట్టి, తర్వాత ముందు అద్దం పక్కలు, చివర కప్పు అంచు, యాంటెనా మొదలు. పైనుంచి మొదలెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. ఒక్కో చోట 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. లోపల అనుమానం ఉన్న చోట రేకు మీద చాక్‌పీస్ పొడి చల్లితే నీళ్లు పారిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత పట్టుకుని పైకి వెళ్లండి. సన్‌రూఫ్ గురించి మీరేమీ రాయలేదు. ఉంటే దాని మూలల్లోని డ్రైన్ పైపులూ ఇలాంటి తడికి పేరుమోసినవే, ఒక్కో మూలలో కాసిని నీళ్లు పోసి కింద బయటికి వస్తున్నాయో లేదో చూడండి. మూసుకుపోయి ఉంటే గాలి గన్‌తో గట్టిగా ఊదకండి, లోపల పైపు జాయింటు ఊడిపోతుంది.

కారణం దొరికాక పని చిన్నదే. తొట్టి అయితే జాలీ తీసి చెత్త ఎత్తి, రంధ్రాల్లో మెత్తటి ప్లాస్టిక్ తీగ ఆడించాలి. డోర్ అయితే షీటును బ్యూటైల్ టేపుతో (బంకలా సాగే నల్ల టేపు) చుట్టూ సందు లేకుండా అంటించి, అడుగు రంధ్రాలు తెరవాలి. రబ్బరు బుష్ పగిలితే కొత్తది.

ముందు అద్దం దగ్గరే కారుతోందని తేలితే మాత్రం పైపైన పూతలు వద్దు. ఆ అద్దాన్ని పాలీయురేతేన్ జిగురుతో బాడీకి అంటిస్తారు. ప్రమాదంలో కప్పు అణిగిపోకుండా ఉండటంలో దానికీ పాత్ర ఉంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు దానికే ఆనుకుంటుంది. అద్దం తీసి, అంచున తుప్పు ఉంటే గీకి ప్రైమర్ కొట్టి, మళ్లీ అంటించగల అద్దాల పనివాళ్ల దగ్గరికే వెళ్లండి. మొదటి మెకానిక్ పూసిన సిలికాన్‌కి పూసినప్పుడు వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చిందేమో గుర్తు చేసుకోండి. ఆ రకం ఆరేటప్పుడు ఆమ్లం వదిలి రేకును తినేస్తుంది. ఏ రకమైనా సరే, సిలికాన్ జిడ్డు మిగిలి ఉంటే దాని మీద జిగురు పట్టదు, పెయింటూ పట్టదు. పూర్తిగా తీయించాలి.

ఇదంతా మీరే చేయాలని లేదు. ఓపిక ఉంటే చేసుకోండి, ఖర్చు దాదాపు ఉండదు, కానీ ఆరబెట్టే రోజులు కలుపుకుంటే కారు వారం పాటు తిరగదు. గ్యారేజీకి ఇస్తే అసలు ఖర్చు విప్పి బిగించే కూలీకే అవుతుంది. అక్కడ ఒకే షరతు పెట్టండి: "నీళ్లు ఎక్కడ వస్తున్నాయో నాకు చూపించండి, చూపించేదాకా ఏమీ పూయొద్దు." ఒప్పుకోని చోట ఇవ్వకండి. మీరు ముందే ఫిల్టర్ మరక, తడి ఫోమ్ ఫోటోలు తీసి పెట్టుకుంటే వాళ్ల పనీ సగమవుతుంది.

వచ్చే వానాకాలం దాకా వాయిదా వేద్దాం అనిపిస్తే, అదీ ఒక దారే, కానీ దాని నష్టం తెలుసుకుని వేయండి. ఫోమ్ కింద రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైకి కనిపించదు. కొన్ని కార్లలో కార్పెట్ కిందో సీటు కిందో వైరింగ్ జాయింట్లు, కంట్రోల్ బాక్సులు ఉంటాయి. అవి చెమ్మకు చిలుము పట్టి పచ్చబడితే లాకులు, కిటికీలు, వార్నింగ్ లైట్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి, అప్పుడు వచ్చే బిల్లు ఈ తడి బిల్లు కన్నా చాలా పెద్దది. మీవారి భయం ఇదే అయితే ఆయన భయం న్యాయమైనదే. కనీసం మూల ఎత్తి ఆరబెట్టి, కారును వేరే వాలు మీద నిలిపి, కవర్ కప్పి ఉంచండి.

అమ్మకం సంగతి. కార్పెట్ ఎత్తినప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద అక్కడక్కడా తట్టి, అదిమి చూడండి. గట్టిగా ఖంగుమంటే, పైపై తుప్పు మాత్రమే ఉంటే, ఈ కారు ఉంచుకోదగినదే. సీటు బోల్టుల దగ్గర గానీ, సీటు బెల్టు బిగించిన చోట గానీ రేకు పొరలుగా ఊడుతుంటే, వేలు దిగుతుంటే, అది మనుషుల భద్రతకు సంబంధించిన విషయం. మంచి వెల్డింగ్ పని కావాలి, ఆ ఖర్చుకు కారు తూగదనిపిస్తే వదిలేయండి. అప్పుడు మమకారం అడ్డు రాకూడదు.

చెప్పకుండా అమ్మడానికి మాత్రం నేను ఒప్పుకోను. కొన్న ఇంట్లోవాళ్లు మొదటి వానకే కనుక్కుంటారు, ఫోన్ మీకే వస్తుంది, మాట పోతుంది. పైగా బ్రేకులూ ఎయిర్‌బ్యాగులూ ఉన్న వస్తువును దాచిన లోపంతో ఒకరి పిల్లల కింద పెట్టడం మీకు నచ్చదని మీ ఉత్తరమే చెబుతోంది. కారణం కనుక్కుని, "ఇక్కడ కారేది, ఇలా బాగు చేయించాం" అని ఫోటోలు చూపించి అమ్మితే ధర కొంత తగ్గినా గొడవ ఉండదు. బాగు చేయించకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పి తక్కువకు అమ్మడం కూడా నిజాయితీ అయిన దారే.

ఇక నాన్నగారు. ఆయనకు చెప్పేయండి. బాధపడతారని దాస్తున్నారు గానీ, ఆ కారు గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషిని మీరు ఇంతవరకు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన దగ్గర ఉన్నప్పుడు కారు ఏ చెట్టు కింద నిలిచేది? ముందు భాగానికి ఎప్పుడైనా దెబ్బ తగిలి డెంటింగ్ చేయించారా? అప్పుడూ ఇలా తడిసిందా? బాడీ అతుకుల మీది సీలెంట్ పాత రిపేరులో పగిలి ఉంటే నా అనుమానాలు రెండూ తప్పి అసలు కారణం అక్కడే ఉండొచ్చు, ఆ కబురు చెప్పగలిగింది ఆయన ఒక్కరే. చూపు మందగించినా ఆ కారు శబ్దం, దాని అలవాట్లు ఆయనకు గుర్తుంటాయి. సాయం అడిగితే తండ్రికి బాధ కన్నా సంతోషమే ఎక్కువ కలుగుతుందని నా నమ్మకం.

క్రమం ఇలా పెట్టుకోండి: ఇవాళ నాన్నగారికి ఫోన్, ఈ వారం ఫిల్టరూ టిష్యూ, వచ్చే సెలవు రోజున కార్పెట్ మూల. రేకు చూశాక మీవారితో కూర్చుని ఒక ఖర్చు హద్దు అనుకోండి, అది దాటితే అమ్మడమేనని ఇద్దరూ ముందే ఒప్పుకోండి. రిపేరు అయ్యాక కార్పెట్‌ను వెంటనే బిగించేయకండి. రెండు పెద్ద వానలు పడనిచ్చి, ప్రతిసారీ కింద పాత న్యూస్‌పేపర్ పరిచి, అది పొడిగా ఉందని చూసుకున్నాకే మూయండి. పేపర్ తడిస్తే ఎక్కడ తడిసిందో ఫోటో తీసి నాకు మళ్లీ రాయండి.